ధ్రువాల మంచు మీద పరిశోధన చేయాలంటే ఇంటర్ తర్వాత ఏం చదవాలి?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. ఆర్కిటిక్, అంటార్కిటికా మంచు మీద పరిశోధన చేస్తానంటోంది. 'క్లైమేట్ సైన్స్' పేరుతో ఉన్న బీఎస్సీలో చేర్పించమంటారా? ఉద్యోగాలు ఉంటాయా?
– ఒక తండ్రి, ఒంగోలు

జవాబు: కోర్సు సంగతికి ముందు ఒకటి తేల్చుకోవాలి. తనకు ఆసక్తి సముద్రం మీద తేలే మంచు మీదా, నేల మీద పేరుకున్న మంచు మీదా? పేపర్లలో రెండింటినీ కలిపి 'ధ్రువాల మంచు' అనేస్తారు గానీ, వాటి చదువులు వేరు.

సముద్రపు మంచు అంటే ఉప్పునీరు మైనస్ 1.8 డిగ్రీల దగ్గర గడ్డకట్టి ఏర్పడే కొద్ది మీటర్ల పొర. చలికాలంలో విస్తరిస్తుంది, వేసవిలో కుంచించుకుపోతుంది. అప్పటికే నీటిలో తేలుతోంది కాబట్టి ఇది కరిగినా సముద్రమట్టం దాదాపు పెరగదు. తెల్లని పొర పోయి నల్లని నీరు బయటపడితే మాత్రం ఎండ వేడిమిని సముద్రం పీల్చేసుకుంటుంది. గాలులు, ప్రవాహాలు, మేఘాలు దీన్ని నడిపిస్తాయి. కాబట్టి ఇది ఓషనోగ్రఫీ (సముద్ర శాస్త్రం), మెటియొరాలజీ (వాతావరణ శాస్త్రం) చదివినవాళ్ల పని.

నేల మంచు వేల ఏళ్లుగా కురిసిన మంచు గట్టిపడినది. గ్రీన్‌లాండ్‌ది మొత్తం కరిగితే సముద్రం సుమారు 7 మీటర్లు, అంటార్కిటికాది కరిగితే 58 మీటర్లు పెరుగుతుంది. 2002 నుంచి ఉపగ్రహ కొలతల ప్రకారం గ్రీన్‌లాండ్ ఏటా సగటున సుమారు 270 గిగాటన్నులు (ఒక గిగాటన్ను అంటే వంద కోట్ల టన్నులు), అంటార్కిటికా సుమారు 150 గిగాటన్నులు కోల్పోతున్నాయి. 360 గిగాటన్నులు సముద్రంలో కలిస్తే మట్టం ఒక మిల్లీమీటరు పెరుగుతుంది. ఇక్కడ అవసరమయ్యేది జియోఫిజిక్స్ (భూభౌతిక శాస్త్రం), జియాలజీ, జియోమాటిక్స్ (భూమి కొలతల శాస్త్రం).

ఈ తేడా తెలియకే చాలామంది తికమకపడతారు. 2014 సెప్టెంబరులో అంటార్కిటికా చుట్టూ సముద్రపు మంచు 2 కోట్ల చదరపు కిలోమీటర్లు దాటి రికార్డు సృష్టించింది. దాన్ని పట్టుకుని 'అంటార్కిటికాలో మంచు పెరుగుతోంది' అన్నారు. అదే సమయంలో ఆ ఖండం మీది నేల మంచు తగ్గుతూనే ఉంది. 2023 ఫిబ్రవరికి ఆ సముద్రపు మంచు కూడా 18 లక్షల చదరపు కిలోమీటర్ల లోపుకు పడిపోయింది.

ఇక కోర్సు. 'క్లైమేట్ సైన్స్' బీఎస్సీలో చేర్చొద్దని నా సలహా. అలాంటి చాలా కోర్సుల్లో అన్నీ పైపైన చెప్పి గణితం తగ్గించేస్తారు. ఈ రంగమంతా కొలతల మీదే నడుస్తుంది. ఒక ఉదాహరణ చూడండి. సముద్రపు మంచు మందంలో నీటిపైన తేలేది సుమారు పదో వంతే. ఆ ఎత్తును ఉపగ్రహం 3 సెంటీమీటర్లు తప్పుగా కొలిస్తే మందం లెక్కలో దాదాపు 30 సెంటీమీటర్ల తేడా వస్తుంది. నేల మంచు బరువును గురుత్వాకర్షణలో మార్పుల ద్వారా కొలిచే గ్రేస్ ఉపగ్రహాల విషయంలో ఇంకో చిక్కుంది. మంచుయుగం నాటి బరువు తొలగిన భూమి ఇప్పటికీ మెల్లగా పైకి లేస్తోంది. ఆ కదలికను లెక్కగట్టి తీసేయకపోతే మంచు బరువు తప్పుగా వస్తుంది. ఇవన్నీ ఫిజిక్స్, గణితం బాగా వచ్చినవాళ్లే చేయగలరు.

అందుకే కేంద్ర ప్రభుత్వ సైన్స్ విద్యాసంస్థలైన ఐసర్‌లలో బీఎస్-ఎంఎస్‌కు ఐఏటీ అనే ప్రవేశ పరీక్ష రాయించండి. తిరుపతిలోనూ ఐసర్ ఉంది. జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో మంచి ర్యాంకు వస్తే ఐఐటీ ఖరగ్‌పూర్‌లో జియోఫిజిక్స్ చూడవచ్చు. ఇవి రాకపోయినా నష్టం లేదు. మంచి డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ లేదా గణితం మేజర్‌గా తీసుకుని, రెండోదాన్ని మైనర్‌గా చదివితే చాలు. పీజీలో ఆంధ్రా యూనివర్సిటీలో మెటియొరాలజీ-ఓషనోగ్రఫీ, జియోఫిజిక్స్ ఉన్నాయి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో భూ, సముద్ర, వాతావరణ శాస్త్రాల కేంద్రం ఉంది. ఐఐటీల్లో ఎమ్మెస్సీ కోసం జామ్ ప్రవేశ పరీక్ష రాయాలి. ఈసీఈ బీటెక్ చేసినా రాడార్ సిగ్నళ్ల వైపు నుంచి ఇందులోకి రావచ్చు. ఈ సంగతి చాలామందికి తెలియదు.

తర్వాత నెట్ లేదా గేట్, పీహెచ్‌డీ. దేశంలో ధ్రువ పరిశోధనకు ప్రధాన కేంద్రం గోవాలోని ఎన్‌సీపీఓఆర్. అంటార్కిటికాలో మైత్రి, భారతి స్థావరాలు, ఆర్కిటిక్‌లో హిమాద్రి, స్పితిలో హిమాంశ్ దాని ఆధ్వర్యంలోనివే. జేఆర్‌ఎఫ్ (పీహెచ్‌డీ చేసేవారికిచ్చే ఫెలోషిప్) నెలకు 37,000 రూపాయలు, హెచ్‌ఆర్‌ఏ అదనం. ధ్రువాలకే పరిమితమైన శాశ్వత పోస్టులు మాత్రం తక్కువ. ఇది తెలిసే దిగాలి. అయితే అదే నైపుణ్యం హైదరాబాద్‌లోని ఉపగ్రహ చిత్రాల కేంద్రం ఎన్‌ఆర్‌ఎస్‌సీ, సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్‌లలోనూ, హిమాలయ హిమానీనదాల మీదా పనికొస్తుంది. 2025 జులై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన నైసార్ ఉపగ్రహ రాడార్ 12 రోజులకోసారి మంచు కదలికలను చూస్తుంది. ఆ డేటా చదవగలిగే మనుషులు కావాలి.

అంటార్కిటికా యాత్రకు ముందు కఠినమైన వైద్య పరీక్షలు, ఔలీలో ఐటీబీపీ శిక్షణ ఉంటాయి. మంచు మీద గడిపేది కొన్ని నెలలే, మిగతా ఏళ్లన్నీ కంప్యూటరు ముందే. కాబట్టి ఇంటర్ పరీక్షలయ్యాక వచ్చే సెలవుల్లోనే ఆ పని రుచి చూపించండి.

అమెరికాలోని మంచు డేటా కేంద్రం ఎన్‌ఎస్‌ఐడీసీ 1978 చివరి నుంచి నమోదైన సముద్రపు మంచు డేటాను ఉచితంగా ఇస్తోంది. నాసా ఎర్త్‌డేటా ఖాతా తెరిస్తే సరి. పైథాన్ ప్రోగ్రామింగ్ నేర్చుకుని, ప్రతి ఏడాది ఆర్కిటిక్ సెప్టెంబరు సగటును గ్రాఫ్ గీయమనండి. ఈ డేటాలో మ్యాపు చిన్న చిన్న గడులుగా ఉంటుంది. ఒక గడిలో 15 శాతానికి మించి మంచుంటే ఆ గడి మొత్తాన్ని లెక్కలోకి తీసుకోవాలి. మొదటిసారి ఎవరైనా రెండుచోట్ల తడబడతారు. ముడి ఫైల్లో 0 నుంచి 250 వరకే మంచు విలువలు (250 అంటే 100 శాతం). 253 తీరం, 254 నేల అని గుర్తులు. వాటిని తీసేయకపోతే సైబీరియా కూడా మంచులోకి వచ్చేస్తుంది. ఉపగ్రహానికి కనిపించని ధ్రువం దగ్గరి గుండ్రని భాగం గుర్తు 251. దాన్ని మాత్రం మంచుగానే లెక్కించాలి. రెండోది, 25 కిలోమీటర్ల గడి అనగానే 625 చదరపు కిలోమీటర్లతో గుణించేస్తారు. మ్యాపు చదును చేసినది కాబట్టి ధ్రువం దగ్గర గడి 660 దాటుతుంది, దక్షిణపు అంచుల్లో 400 కన్నా తగ్గుతుంది. గడుల వైశాల్యాల ఫైలు విడిగా ఉంటుంది, దాన్నే వాడాలి.

1979కి 70 లక్షల చదరపు కిలోమీటర్ల పైచిలుకు, 2012కి 35–36 లక్షలు వస్తే లెక్క సరిపోయినట్టే. రాకపోతే ముందు 254లు వెతకమనండి.