విశ్వాసం తగ్గినందుకే పంట ఎండిందా?

ప్రశ్న: మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. వరుసగా రెండేళ్లు, శనక్కాయ ఊడలు దిగే సమయానికే వాన ముఖం చాటేయడంతో పంట ఎండిపోయింది. బ్యాంకులో కుదువ పెట్టిన బంగారం విడిపించలేదు, నా భర్త కూలిపనికి బెంగళూరు వెళ్లారు. మాలో విశ్వాసం తక్కువైనందుకే ఇలా జరిగిందని మా చర్చి సంఘంలో కొందరు అంటున్నారు. మోకరిస్తే మాట రావడం లేదు, ఒక్కోసారి దేవుని మీద కోపం కూడా వస్తోంది. ఇది పాపమా?
– ఒక సోదరి, అనంతపురం జిల్లా

జవాబు: అమ్మా, ముందుగా ఆ నిందను మనసులోంచి తీసివేయండి. పడమటి కనుమల చాటున ఉన్న మీ జిల్లాలో ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వానే పడుతుంది. అదీ తప్పిన ఏడాది ప్రార్థించేవారి చేను, ప్రార్థించనివారి చేను ఒకేలా ఎండుతాయి. తండ్రి నీతిమంతుల మీద, అనీతిమంతుల మీద కూడా వర్షం కురిపిస్తాడని ప్రభువే చెప్పారు (మత్తయి 5:45). కష్టాల్లో ఉన్న యోబును ఇలాగే తప్పుపట్టిన స్నేహితుల మీదనే చివరికి దేవుని కోపం రగులుకుంది (యోబు 42:7). మీతో అలా అన్నవారు ఆ అధ్యాయం ఒకసారి చదివితే బాగుంటుంది.

ఇక కోపం సంగతి. అంజూరం పూయకపోయినా, చేను పంట ఇవ్వకపోయినా, దొడ్డిలో పశువు లేకపోయినా ప్రభువునందు ఆనందిస్తానన్న హబక్కూకు మాటలను మన సంఘాల్లో తరచుగా చదువుతాము. కానీ అవి మూడవ అధ్యాయంలోనివి. మొదటి అధ్యాయంలో అదే ప్రవక్త, నేనెంతకాలం మొరపెట్టినా నీవెందుకు ఆలకించవని దేవుణ్ణే నిలదీశాడు. మీరిప్పుడు మొదటి అధ్యాయంలో ఉన్నారు, మూడవ అధ్యాయపు మాటలను బలవంతంగా పలకనవసరం లేదు. 88వ కీర్తన అయితే మొదటినుంచి చివరిదాకా ఫిర్యాదే, చీకటి అనే మాటతోనే ముగుస్తుంది. అయినా అది ప్రార్థనల గ్రంథంలోనే ఉంది. మాట రాని రోజున దానిని పైకి చదవండి, అదే మీ ప్రార్థన అవుతుంది.

చావు కోరుకుని చెట్టు కింద పడుకున్న ఏలీయా ప్రవక్తను దేవదూత మందలించలేదు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు ఇచ్చి తినమన్నాడు, అతడు మళ్లీ నిద్రపోయాక రెండవసారీ లేపి తినిపించాడు (1 రాజులు 19). మీరు వేళకు తింటున్నారా, నిద్ర పడుతోందా అన్నది కూడా నాకు ముఖ్యమే. బ్రతకాలనిపించని ఆలోచన వస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి, వైద్యుని కలవండి. అది విశ్వాసానికి విరుద్ధం కాదు.

సంఘానికి కూడా ఒక మాట చెప్పాలి. 1822లో కడపలో లండన్ మిషన్ అనే క్రైస్తవ మిషనరీ సంస్థ పని మొదలైన తరువాత, 1876–78 ధాత కరవును కూడా దాటి వచ్చిన సీమ సంఘాలకు కరవు కొత్త కాదు. కపెర్నహూములో పక్షవాయువు గలవానిని నలుగురు మోసుకొచ్చి, ఇంటికప్పు విప్పి దింపినప్పుడు, యేసు చూచినది వారి విశ్వాసము అని మార్కు రాశాడు (2:5). ప్రస్తుతం మంచం మీద ఉన్నది మీరు, మోయవలసింది వారు. వచ్చే ఆదివారం ఎవరైనా సాక్ష్యం చెప్పమంటే, ఈ వారం నా కోసం మీరే ప్రార్థించండని చెప్పి కూర్చోండి.