కింద చుక్క పడకుండా కూలెంట్ ఎటు పోతోంది?

మీ బండికి పదిహేనేళ్ళన్నారు. వారానికి పావు లీటరు కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) తగ్గిపోతోంది, పార్కింగ్‌లో చుక్క తడి లేదు, మెకానిక్ మాత్రం హెడ్ గాస్కెట్ (ఇంజిన్ పై భాగమైన హెడ్‌కీ కింది దిమ్మకీ మధ్య ఉండే సీలు) పోయిందంటున్నాడు, హెడ్ విప్పించమంటారా అని అడిగారు. ఇప్పుడే వద్దండీ. డ్రైవర్ పక్క సీటు దగ్గర కాళ్ళ పట్టా ఎత్తి చూశారా? ముందు ఆ పని చేయండి. ఎందుకంటున్నానో చెప్తాను.

మాది 2003 మారుతి 800, ఏసీది. నాన్న కొన్నది. మూడేళ్ళ కిందట అచ్చం మీలాగే కూలెంట్ బాటిల్ నింపడం, పది రోజులకి అది మళ్ళీ అడుగంటడం. ఇద్దరికి చూపించాను. ఒకాయన రేడియేటర్ మార్చెయ్యమన్నాడు. ఇంకొకాయన హెడ్ దించాలి, పన్నెండు వేలవుతుందన్నాడు. ఇద్దరూ బానెట్ ఎత్తి, వేడి ఇంజిన్ మీద టార్చి కొట్టి రెండు నిమిషాల్లో చెప్పేసినవాళ్ళే.

ఆ కార్తీకంలో అమ్మని తీసుకుని రాజమండ్రి నుంచి అన్నవరం బయల్దేరాం, వ్రతానికి. తెల్లవారుజాము, బయట మంచు. ముందు అద్దం లోపలివైపు మసకబారుతోంది. గుడ్డ పెట్టి తుడిస్తే పోలేదు సరికదా, నూనె చెయ్యి రాసినట్టు చారలు కట్టింది. రాజానగరం దాటాక అమ్మ అంది, "ఒరేయ్, ఎక్కడో బెల్లం పాకం పడుతున్నారు, నీకు వాసన రావట్లేదూ?" ఆ వేళప్పుడు హైవే మీద పాకమేమిటని నేను పట్టించుకోలేదు. కాసేపటికి, "నా కాళ్ళ కింద జిడ్డుగా ఉందిరా, నీళ్ళ సీసా కారిందేమో చూడు" అంది.

జగ్గంపేట దగ్గర పక్కకి ఆపి పట్టా ఎత్తాను. కింద కార్పెట్ నానబెట్టిన స్పాంజిలా ఉంది. వేళ్ళ మధ్య రుద్దితే సబ్బు నీళ్ళలా జారుతోంది. ఫోన్ లైటు వేసి చూస్తే లేత ఆకుపచ్చ. నెలల తరబడి నేను ఇంజిన్ కింద వెతుకుతున్న కూలెంట్ అమ్మ పాదాల దగ్గరుంది.

ఆ తడి అంతకుముందూ చూశాం. ఏసీ నీళ్ళు పోయే గొట్టం మూసుకుపోయిందని అనుకున్నాం. ఏసీ నీటికి రంగుండదు, వాసనుండదు, జిడ్డుండదు. ఈ తేడా ఒక్కటి గుర్తుంటే చాలు. నోట్లో మాత్రం పెట్టి చూడకండి. కూలెంట్‌లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కానీ విషం. వీధి కుక్కలు నాకితే చచ్చిపోతాయి, కారిన చోట నీళ్ళు పోసి కడిగెయ్యండి.

డాష్‌బోర్డు వెనక హీటర్ కోసం ఒక బుల్లి రేడియేటర్ ఉంటుంది, హీటర్ కోర్ అంటారు. దానిలోంచీ కూలెంట్ తిరుగుతుంది, చిల్లు పడితే కారు లోపలికే కారుతుంది; అద్దం మీద జిడ్డు మసకా, పాకం వాసనా దాని ఆవిరివే. గోదావరి జిల్లాల్లో హీటర్ వేసేదెవరు? అందుకే అదొకటి ఉందన్న సంగతే ఎవరికీ గుర్తు రాదు. కానీ మనం హీటర్ వేసినా వేయకపోయినా ఇంజిన్ వేడెక్కితే ప్రెషర్ దానికీ తగులుతుంది. అన్నవరం వరకు నీళ్ళు పోసుకుంటూ మెల్లగా నడిపి, వచ్చాక మా వీధి చివర షెడ్డులో పెద్ద మేస్త్రీ దగ్గర పెట్టాను. ఆయన హీటర్‌కి వెళ్ళే రెండు హోస్ పైపులూ ఊడదీసి, ఒకదానికొకటి పైపు ముక్కతో కలిపి క్లిప్పులు బిగించాడు. ఇరవై నిమిషాల పని, మూడొందలు. హెడ్ ఎవరూ ముట్టుకోలేదు, ఈ రోజుకీ బండి బాగా నడుస్తోంది.

ఆ కోర్ పాడైంది బోరు నీళ్ళ వల్లే. ఎవరు కాదన్నా నేనొప్పుకోను. ఏళ్ళ తరబడి బాటిల్ తగ్గినప్పుడల్లా మగ్గుతో బోరు నీళ్ళు పోశాం. ఉప్పు పేరుకుంది, తుప్పు తినేసింది. కూలెంట్ అంటే రంగు నీళ్ళే కదా అనేవాళ్ళ మీద నాకు నిజంగానే కోపం వస్తుంది. అందులో తుప్పుని ఆపే మందులుంటాయి, అవీ కొన్నేళ్ళకి పనిచేయడం మానేస్తాయి. లీకు ఆగుతుందని రేడియేటర్‌లో పసుపు పోసేవాళ్ళూ ఉన్నారు. ఆ పసుపు వెళ్ళి సన్నటి గొట్టాల్లో అడ్డం పడుతుంది. ఇక "మన ఎండలకి ఇదెందుకండీ" అని థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంట్‌ని రేడియేటర్‌కి పోనివ్వని వాల్వు) పీకి పారేసే మెకానిక్‌లకి బండి ఇవ్వనే ఇవ్వకండి. ఇంజిన్ సరైన వేడికి రాకపోతే పెట్రోలూ ఎక్కువ తాగుతుంది, త్వరగా అరుగుతుంది కూడా.

పట్టా కింద పొడిగా ఉందనుకోండి, రాత్రి బండి పెట్టాక ఇంజిన్ కింద ఒక అట్టపెట్టె విప్పి పరవండి. పొద్దున్న స్టార్ట్ చేయకముందే చూడండి. వేడి మీద బయటికొచ్చింది వచ్చినట్టే ఆవిరైపోతుంది. చల్లబడి రబ్బరూ ఇనుమూ ముడుచుకున్నాక క్లిప్పు దగ్గర సందు పడి, అప్పుడు చుక్క జారుతుంది. తెల్లగానో ఆకుపచ్చగానో పెచ్చు కట్టిన చోటే వెతకాలి. వాటర్ పంపు పుల్లీ వెనక, కిందివైపు చిన్న రంధ్రం ఉంటుంది. దానినుంచి చార దిగి ఉంటే లోపల సీలు పోయినట్టే, పంపు మార్చాలి. ఆ రంధ్రాన్ని పుట్టీతో మూసేసినవాళ్ళని చూశాను, దయచేసి అలా చేయించకండి. మంచి షెడ్డులో రేడియేటర్ మూత స్థానంలో బిగించే ప్రెషర్ పంపు ఉంటుంది. చల్లటి ఇంజిన్ మీద, మూత మీద రాసిన ప్రెషర్ దాకా కొట్టి పావుగంట ఉంచితే మీటరు ముల్లు పడిపోతుందో లేదో కళ్ళముందే తెలుస్తుంది, పడిపోతే లీకున్నట్టే. వేడి మీద ఆ మూత మీరు తిప్పొద్దు, మొహం కాలుతుంది.

హెడ్ గాస్కెటే పోయి ఉంటే మామూలుగా ఏదో ఒక గుర్తు కనపడుతుంది. ఆయిల్ మూత కింద పాల టీ రంగు మీగడ, రేడియేటర్‌లో ఆగకుండా బుడగలు, బండి వేడెక్కాక కూడా సైలెన్సర్‌లోంచి తెల్ల పొగ. మీ మెకానిక్ వీటిలో ఏది చూపించాడో మీరు రాయలేదు. ఆయనకి హెడ్ అప్పజెప్పే ముందు హీటర్ పైపులు రెండూ కలిపించండి. బాటిల్ మీద ఇవాళ్టి మట్టానికి మార్కర్‌తో గీత పెట్టి వారం నడిపి, మళ్ళీ పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు చూడండి. గీత దగ్గరే ఉందా, కిందికి దిగిందా నాకు రాయండి.