పజిల్ గదిలో శత్రువులు ఉండాలా?

ప్రశ్న: మాది చిన్న బృందం, యాక్షన్-అడ్వెంచర్ గేమ్ తయారుచేస్తున్నాం. ఆడి చూసినవాళ్లు పోరాటాలు బాగున్నాయంటున్నారు, పజిల్ రాగానే వదిలేస్తున్నారు. పజిల్స్ తగ్గించమంటారా?

జవాబు: తగ్గించే ముందు, సరిగ్గా ఏ క్షణంలో వదిలేస్తున్నారో గమనించండి. చాలాసార్లు తప్పు పజిల్‌ది కాదు, దాని చుట్టూ ఉన్నవాటిది. మీట లాగి ఆలోచిస్తుండగా శత్రువులు మళ్లీ మళ్లీ పుట్టుకొస్తే ఆలోచన తెగిపోతుంది. గది ఒకసారి ఖాళీ అయ్యాక అక్కడ ఇంకెవరూ రాకూడదు. పోరాట సంగీతం కూడా ఆపండి. అది మోగినంతసేపూ ఆటగాడు దాడి కోసమే కాచుకుని ఉంటాడు.

పజిల్ పూర్తయిన వెంటనే చెక్‌పాయింట్ (చనిపోతే ఆట మళ్లీ మొదలయ్యే చోటు) పెట్టండి. తర్వాతి పోరాటంలో చనిపోయి, జవాబు తెలిసిన పజిల్‌నే మళ్లీ చేయాల్సి రావడం భరించలేని చిరాకు.

కొక్కెం తాడు లాంటి కొత్త పరికరాన్ని మొదట ప్రమాదం లేని గదిలో ఒకే పనికి వాడనివ్వండి. తర్వాత రెండు పనులు కలిసిన పజిల్. ఆ తర్వాతే పోరాటంలో, శత్రువు చేతిలోని డాలు లాగేయడానికి. అప్పుడు పోరాటమే పజిల్ అవుతుంది. మా దృష్టిలో అన్నిటికంటే మంచి కలయిక ఇదే.

పజిల్‌లో చిక్కుకున్న ఆటగాడికి సూచనలు ఇవ్వడానికి తొందరపడొద్దు. సమయాన్ని గదిలోకి వచ్చినప్పటినుంచి కాకుండా, ఆటగాడు చివరిసారి ముందుకు సాగినప్పటినుంచి లెక్కించండి. 2 నిమిషాలతో మొదలుపెట్టి పరీక్షల్లో సరిచేసుకోండి.

కఠినత్వ స్థాయిల్నీ విడదీయవచ్చు. 2018లో వచ్చిన షాడో ఆఫ్ ద టూంబ్ రైడర్‌లో పోరాటానికి, అన్వేషణకు, పజిల్స్‌కు వేర్వేరుగా ఎంచుకోవచ్చు.