పనిపిచ్చి నాన్న, ఏడేళ్ల కూతురు: స్క్రిప్టు రాస్తున్న నీకు

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన స్క్రిప్టు చిత్తుప్రతి చదివాను. ఆఫీసే లోకమైన నాన్న, ఆయన కోసం గుమ్మంలో ఎదురుచూసే ఏడేళ్ల పాప. ఎత్తుకున్న విషయం మంచిది. కానీ ఫస్టాఫ్ అంతా ఒక సీన్ ఆఫీసులో, ఒక సీన్ ఇంట్లో అన్నట్టు నడిచింది. అక్కడ మీటింగు, ఇక్కడ పాప అలక. ఆయన పనీ, ఈ పిల్లా ఎక్కడా ఎదురుపడలేదు. నవ్వు రాకపోవడానికి కారణం అదే.

2009లో వచ్చిన హాలీవుడ్ సినిమా 'ఇమాజిన్ దట్' తెప్పించుకుని చూడు. వసూళ్లలో దెబ్బతిన్న సినిమాయే, అయినా నీకు పనికొచ్చే పాఠం అందులో ఉంది. డెన్వర్‌లో జనం డబ్బు ఎక్కడ పెట్టాలో సలహా చెప్పే ఉద్యోగిగా ఎడ్డీ మర్ఫీ, అతని కూతురు ఒలీవియాగా యారా షహీదీ నటించారు. పాప చేతిలో ఎప్పుడూ ఒక దుప్పటి ఉంటుంది. అది కప్పుకుని, తనకు మాత్రమే కనిపించే రాకుమార్తెలతో కబుర్లాడుతుంది. ఒకనాడు నాన్న ఆఫీసు కాగితాలకు రంగులు పూసేస్తుంది. వాటితోనే ఆయన మీటింగులో నిలబడాల్సి వస్తుంది. కంపెనీల గురించి పాప చెప్పిన పిచ్చి మాటలు షేర్ మార్కెట్లో నిజమవుతాయి. ఇక అక్కణ్ణుంచి నాన్నకు కూతురితో పని పడుతుంది. ముద్దొచ్చి దగ్గరికి రాడు, సలహాల కోసం వస్తాడు.

ఈ స్వార్థమే కథను లాక్కెళ్తుంది. నీ కథలో టీచరు పిలిచి క్లాసు పీకగానే నాన్న మారిపోయాడు. అది 30వ పేజీ. ఇంకో నూరు పేజీలు ఏం చేద్దామని? పేజీకి నిమిషం లెక్కన 130 నిమిషాల సినిమాకి ఇంటర్వెల్ 65వ పేజీ దగ్గర పడుతుంది. అప్పటిదాకా ఆయనకు కూతురి వల్ల లాభం రావాలి. పాపకు మాత్రం అదంతా ప్రేమే అనిపించాలి. ఇంటర్వెల్లో ఆ లాభం సంగతి ఆమె చెవిన పడాలి. సెకండాఫ్ బరువంతా దీని మీదే నిలబడుతుంది, కాబట్టి ఈ ఒక్క సీనుకి వారం రోజులైనా కేటాయించు.

ఆ సినిమాలో రాకుమార్తెలను తెర మీద చూపించలేదు. పెద్ద ఉద్యోగి ఖాళీ గాలికి దండాలు పెడుతూ, పాట పాడుతూ మనకు కనిపిస్తాడు. నవ్వంతా ఆయన పరువు పోవడంలో ఉంది. నువ్వు పాప ఊహాలోకానికి నాలుగు గ్రాఫిక్స్ సీన్లు రాశావు. నాలుగూ తీసెయ్. ఖర్చూ తగ్గుతుంది, నటుడికి చేతినిండా పనీ దొరుకుతుంది.

ఆ సినిమా ఎక్కడ జారిందో కూడా గమనించు. పాప జోస్యం, మీటింగు హాలు, బాసు సంతోషం, పోటీదారుడి ఏడుపు: ఇదే వరస మళ్లీ మళ్లీ తిరుగుతుంది. ఆ కంపెనీలు గెలిచినా ఓడినా చూసేవాడికి పట్టదు. నీ నాన్న సాఫ్ట్‌వేర్ మేనేజరు, అంటే తెర మీద లాప్‌టాప్ తప్ప ఏమీ ఉండదు. ఆయన్ని పెళ్లిళ్లకు వండిపెట్టే కేటరింగ్ కాంట్రాక్టరుని చెయ్యి. ఎనిమిది వందల మందికి పులిహోర కలిపారు, పాప ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని మొహం చిట్లించింది. ఆ మొహం చూసి నాన్న గుండె జారుతుంది. లాభనష్టాలు ఎవరూ వివరించక్కర్లేదు.

పాప మాటల విషయంలో గట్టిగా చెప్తున్నాను. "నాన్నా, నాకు బొమ్మలొద్దు, నీ సమయం కావాలి" అన్న డైలాగు కొట్టేయ్. ఏ పిల్లా అలా అనదు, అది రచయిత గొంతు. "నా కంచంలో బెండకాయలు నువ్వు తినేస్తావా?" అంటుంది. ఆయన ఫోను చూస్తూనే తినేస్తాడు. వాళ్లిద్దరి బంధం ఎంతవరకుందో అందులోనే తెలిసిపోతుంది. పాప డైలాగు ఆరేడు మాటలు దాటనీయకు. మాట్లాడుతున్నంతసేపూ చేతులకు ఏదో ఒక పని ఉండనీ.

తల్లిని సణిగే మనిషిగా రాయకు. ఆమెకూ ఓ ఉద్యోగం, ఓ హాస్యం ఇవ్వు.

షూటింగు లెక్క ఇప్పుడే వేసుకో. 2017 బాలకార్మిక నిబంధనల ప్రకారం బాలనటుల చేత రోజుకు 5 గంటలకు మించి పని చేయించకూడదు, విరామం లేకుండా 3 గంటలు దాటకూడదు, వరసగా 27 రోజులకు మించకూడదు. జిల్లా మేజిస్ట్రేటు అనుమతి ఉండాలి. నువ్వేమో పాపను దాదాపు ప్రతి సీన్లోనూ పెట్టావు. ఆ అయిదు గంటల్లోనే మేకప్పూ, అలకా, ఆకలీ తీరాలంటే రోజుకు రెండు సీన్లు కూడా పూర్తికావు. ఆమె లేకపోయినా ఆమె ప్రభావం కనిపించే సీన్లు పెంచు: లెక్కల పుస్తకంలో క్రేయాన్ గీతలు, జేబులో రిబ్బను, గరిట మీద అంటించిన స్టిక్కరు.

క్లైమాక్సులో పెద్ద కాంట్రాక్టు వదిలేసి స్కూలు ఫంక్షనుకి పరుగెత్తించావు. ఆ సినిమాలోనూ అంతే, చూసేవాళ్లు ముందే కనిపెట్టేస్తారు. పరుగుని అర పేజీలో ముగించెయ్. అక్కడికి చేరాక ఏం చేస్తాడన్నది రాయి. ఇంట్లో తలుపులేసుకుని పాప కోసం వేసిన కోతి గెంతులు, తన క్లయింట్లే ముందు వరసలో కూర్చున్న హాలులో వెయ్యాలి. అందుకోసం ఆ గెంతులు ఫస్టాఫ్‌లో రెండుసార్లు పడాలి, రెండోసారి ఆయన సిగ్గుతో మధ్యలో ఆపెయ్యాలి.

డైలాగ్ వెర్షన్ పంపే ముందు పాప మాటలన్నీ ఏడేళ్ల పిల్ల ఎవరిచేతైనా పైకి చదివించు. తడబడిన ప్రతి చోటా మాట మార్చి, అప్పుడు పంపు.

ఆశీస్సులతో.