సమాధానం: మూడేళ్ల బాబుకు ఫిజియోథెరపీ ఖర్చు, ప్రభుత్వ సాయం గురించి

నమస్కారమండీ. బాబుకు సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతినడం వల్ల కదలికలు, కండరాల పట్టు దెబ్బతినే స్థితి) అని తేలిందనీ, ప్రైవేటు ఫిజియోథెరపీ ఖర్చు మోయలేకపోతున్నామనీ, గుంటూరు జిల్లాలో ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదనీ రాశారు.

ముందుగా గ్రామ సచివాలయంలో సదరం (ప్రభుత్వ వైద్యులు వైకల్యాన్ని నిర్ధారించి ధ్రువపత్రం ఇచ్చే శిబిరం) స్లాటు కోసం అడగండి, ఎందుకంటే వైకల్య ధ్రువపత్రం లేకుండా పింఛను, బీమా వంటివేవీ కదలవు. వైద్యుల ముందుకు వెళ్లేటప్పుడు ప్రసవ సమయపు డిశ్చార్జి సమ్మరీ, ఎంఆర్‌ఐ రిపోర్టు తీసుకువెళ్లి, బాబు ఆసరా లేకుండా కూర్చోగలడా, ముద్ద మింగడంలో ఇబ్బంది పడుతున్నాడా అన్నది వాళ్లు అడగకపోయినా మీరే చెప్పండి. హడావిడిలో ఇవి నమోదు కాకుండా పోయే అవకాశం ఉంది. వైకల్యం 40 శాతం, ఆపైన ఉంటే పింఛనుకు కూడా దరఖాస్తు చేయవచ్చు.

ధ్రువపత్రం రాగానే కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్టు వారి నిరామయ ఆరోగ్య బీమాలో చేర్చండి. ఏడాదికి లక్ష రూపాయల వరకు వర్తించే ఈ పథకంలో థెరపీ ఖర్చుకూ కొంత భాగం ఉంటుంది కనుక, ప్రతి బిల్లూ, వైద్యుని చీటీ అసలు ప్రతులు భద్రపరచండి.

థెరపీకి మాత్రం ధ్రువపత్రం కోసం ఆగవద్దు. ప్రభుత్వాసుపత్రిలో పిల్లల ఎదుగుదల లోపాలకు చికిత్స చేసే సత్వర చికిత్సా కేంద్రం (డీఈఐసీ) గురించి వెంటనే వాకబు చేయండి. మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం విద్యాశాఖ నడిపే భవిత కేంద్రం ఉంటే అక్కడ ఫిజియోథెరపిస్టు ఏ రోజుల్లో వస్తారో కనుక్కోండి. ఒకసారి సికింద్రాబాదులోని ఎన్‌ఐఈపీఐడీలో (మేధో వైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) చూపించి, ఇంట్లో మీరే చేయించవలసిన వ్యాయామాలు నేర్చుకోవడం, నా ఉద్దేశంలో, ప్రయాణపు ఖర్చుకు తగిన పని.