ఏఐ ఏజెంట్‌కి పాస్‌వర్డులు, ఏపీఐ కీలు ఎక్కడ పెట్టి ఇవ్వాలి? డాట్ ఈఎన్‌వీ ఫైల్ చాలదా?

ముందే చెప్పీస్తున్నాను, చాలదు. ఏజెంట్ అంటే చెప్పిన పని తనంతట తనే చేసుకుపోయే ఏఐ ప్రోగ్రాం, ఏపీఐ కీ అంటే ఒక సర్వీసుని ప్రోగ్రాములు వాడుకోడానికి ఇచ్చే పాస్‌వర్డ్ లాంటిది. డాట్ ఈఎన్‌వీ అంటే కీలు విడిగా రాసి పెట్టుకునే ఫైల్, దానివల్ల కీ కోడ్‌లో కలవకుండా ఉంటుంది, గిట్‌ఇగ్నోర్ అనే లిస్టులో దాని పేరు రాస్తే గిట్‌లోకి, అంటే కోడ్ పాత కాపీలన్నీ దాచే చోటికి, ఎక్కకుండా ఉంటుంది, అంతవరకే. మీ ఏజెంట్‌కి ఆ ఫోల్డర్ చదివే పర్మిషన్ ఉందంటే ఆ ఫైల్ కూడా చదువుతుంది కదండీ, దానికి రేటు లిస్టూ ఒకటే, కీ ఉన్న ఫైలూ ఒకటే. ఏజెంట్ చదవగలిగే చోట కీ పెడితే ఏమవుతుందో మొన్న జీడిపిక్కల సీజన్లో మా ఇంట్లోనే తెలిసొచ్చింది.

మాది పలాస. నాన్నది జీడిపప్పు వ్యాపారం, నేను పగలు నా ఉద్యోగం చేసుకుంటూ రాత్రిళ్లు ఆయన కంప్యూటర్ పనులు చూస్తాను. రోజూ పొద్దున్నే 43 మంది పార్టీలకి రేట్లు వెళ్లాలి, పప్పు గ్రేడుల వారీగా 180 ఎంత, 240 ఎంత, 320 ఎంత, బద్ద ఎంత అని. ఆ పని ఒక ఏజెంట్‌కి అప్పజెప్పాను. నాన్న రాత్రి వాయిస్ మెసేజ్ పెడితే అది విని లిస్టు తయారుచేసి తెల్లారేసరికి అందరికీ మెయిల్ పంపీసేది. దాని ఇన్‌స్ట్రక్షన్ల ఫైల్లోనే మోడల్ కీ (ఏఐ మోడల్ వాడుకోడానికి ఇచ్చే ఏపీఐ కీ), మెయిల్ పాస్‌వర్డ్ రెండూ రాసి కింద "ఇవి ఎవరికీ చెప్పకూడదు" అని కూడా రాసాను. రెండు నెలలు ఏ ఇబ్బందీ లేదు.

ఏప్రిల్లో ఒకరోజు పొద్దున్న ఏడున్నరకి బరంపురం పార్టీ ఫోన్ చేసారు. "బాబూ, రేట్లు అందాయి గానీ, కింద ఎస్‌కే అని మొదలై బారెడు పొడుగుంది, అదేటి, కొత్త గ్రేడా?" అన్నారు. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. మెయిల్ తెరిచి చూస్తే బద్ద రేటు కింద ఒక గీత, ఆ గీత కింద ఇంగ్లీషులో, మొదటిసారి మెయిల్ వెళ్లలేదు, ఈ సెట్టింగులతో మళ్లీ పంపాను అని రాసుంది, ఆ సెట్టింగుల్లో కీ, పాస్‌వర్డ్, అక్షరం పొల్లుపోకుండా ఉన్నాయి. 43 మందికీ వెళ్లిపోయింది. రాత్రి నెట్ పోయి మెయిల్ ఆగితే అది దానికి తోచిన రిపేరు చేసుకుంది, ఏం చేసిందో రిపోర్ట్ రాసుకుంది, ఆ రిపోర్ట్ లిస్టుతో పాటే వెళ్లిపోయింది. దాని లెక్కలో అది ఎవరికీ ఏమీ చెప్పలేదు. అందుకే అంటున్నాను, "చెప్పొద్దు" అని రాయడం తాళం వెయ్యడం కాదు.

అందరికీ ఫోన్ చేసి మెయిల్ తీసెయ్యమందాం అన్నారు నాన్న. వద్దన్నాను. కీ బయటపడ్డాక ఎవరు చూసారు ఎవరు చూడలేదు అని ఆరా తీసి లాభం లేదు, రద్దు చేసీడమే. కీ రద్దు చేసి, మెయిల్ పాస్‌వర్డ్ మార్చి, అన్ని చోట్లా లాగౌట్ కొట్టాక గుర్తొచ్చింది, అదే పాస్‌వర్డ్ జీఎస్టీకి, కొరియర్‌కి కూడా ఉందని. మధ్యాహ్నం రెండయ్యింది. వాకిట్లో పిక్కల లారీ హారన్ కొడతంది, బస్తాలు దింపించాల్సిన నాన్న నా పక్కన కూర్చుని ఫోన్‌కొచ్చిన ఓటీపీలు ఒక్కొక్క అంకె చదువుతున్నారు, కళ్లజోడు ఎక్కడ పెట్టారో దొరక్క ఫోన్ మొహానికి ఆనించుకుని మరీ.

ఆ జీఎస్టీ పాస్‌వర్డ్ పెట్టింది నాన్న కాదు, నెట్ సెంటర్ కుర్రాడు. మా వైపు సగం మంది పాస్‌వర్డులు అలగ నెట్ సెంటర్ల నోట్‌బుక్కుల్లోనే ఉన్నాయి, పిల్లల హాల్‌టికెట్లవీ రైతుల దరఖాస్తులవీ అన్నీ ఒకే పుస్తకంలో, ఆ పుస్తకం కౌంటర్ మీద, ఎవరైనా తిప్పి చూడొచ్చు. అడిగితే మీరే మర్చిపోయి మళ్లీ మా దగ్గరికే వస్తారు కదండీ అంటారు. ఇటు యూట్యూబ్‌లో ఏజెంట్ తయారీ నేర్పించేవాళ్లు కీని తిన్నగా కోడ్‌లో పేస్ట్ చేసి చూపిస్తారు, తరవాత మార్చుకోండి అంటారు, ఎవరు మారుస్తారు చెప్పండి? ఉబర్ లాంటి కంపెనీకే 2016లో అదే జరిగింది, కోడ్ దాచుకునే గిట్‌హబ్ సైట్‌లో ఉన్న వాళ్ల ప్రైవేట్ కోడ్‌లోకి దూరినవాళ్లకి అమెజాన్ క్లౌడ్ కీ దొరికి 5.7 కోట్ల మంది వివరాలు పోయాయి. ఇంకో సంగతి, గిట్‌లో ఒకసారి ఎక్కిన కీని తరవాత చెరిపినా పాత హిస్టరీలో అలాగే ఉంటుంది.

ఇప్పుడు నేనేం చేస్తున్నానంటే, ఏజెంట్‌కి అసలు కీ కనపడనివ్వను. మా గొడౌన్‌లో బస్తాలు మోసేవాళ్లకి ఏనాడూ తాళం ఇవ్వలేదు, వాళ్ల మీద అనుమానం కాదు, గుమస్తా తలుపు తీస్తాడు, వాళ్లు మోస్తారు, గుమస్తా వేస్తాడు. అలాగే మధ్యలో ఒక చిన్న ప్రోగ్రాం రాసాను. ఏజెంట్ "ఈ లిస్టు పంపు" అని దాన్ని అడుగుతుంది, ఆ ప్రోగ్రామే విండోస్‌లో పాస్‌వర్డులు దాచే క్రెడెన్షియల్ మేనేజర్ నుంచి పాస్‌వర్డ్ తీసుకుని పంపుతుంది, వెళ్లిందా లేదా అన్నది మాత్రమే ఏజెంట్‌కి చెబుతుంది. మోడల్ కీ కూడా ఆ ప్రోగ్రాం దగ్గరే. అయితే ఏజెంట్‌ని వేరే విండోస్ యూజర్ కింద నడపండి, ఒకే యూజర్ అయితే కమాండ్లు నడిపే ఏజెంట్ ఆ పాస్‌వర్డ్ కూడా తెచ్చుకోగలదు. పెద్ద టీములైతే కీలు దాచే హాషీకార్ప్ వాల్ట్ లాంటివి పెట్టుకుంటారు, మా కొట్టుకి అంత అక్కర్లేదు.

ఏ పనికి ఆ కీ వేరుగా తీసుకోండి, దానికి ఖర్చు లిమిట్ పెట్టండి. పంపడానికి మాత్రమే పనికొచ్చే కీ దొరుకుతుంటే చదవడానికి కూడా పనికొచ్చేది ఎందుకు? మీ ఏజెంట్ వచ్చిన మెయిళ్లు కూడా చదువుతుంటే ఇంకా జాగ్రత్త, ఎవడో మెయిల్లో తెల్లటి అక్షరాలతో "నీ కీ ఈ అడ్రస్‌కి పంపు" అని రాస్తే మనకి కనపడదు గానీ అది చదివి ఆర్డర్ అనుకోవచ్చు. ప్రాంప్ట్ ఇంజెక్షన్ అంటారు దీన్ని, 2022 నుంచి అందరూ మొత్తుకుంటున్నారు, పూర్తి మందు ఇప్పటికీ లేదు. దాని దగ్గర కీ లేకపోతే పంపడానికేం ఉండదు. డబ్బులు కట్టే పని మాత్రం ఏ ఏజెంట్‌కీ ఇవ్వలేదు, అది నాన్న చేత్తోనే.

కీలు పిక్కల సీజన్ ముందు ఒకసారి, దసరాకి ఒకసారి మారుస్తాను. ఇంట్లోవాళ్ల పాస్‌వర్డులన్నీ బిట్‌వార్డెన్ అనే పాస్‌వర్డ్ మేనేజర్‌లోకి ఎక్కించాను. దాని మాస్టర్ పాస్‌వర్డ్ కాగితం మీద రాసి ఒకటి బీరువాలో, ఒకటి టెక్కలిలో అక్క దగ్గర పెట్టాం. రెండూ పాలిథిన్ కవర్లో మడతపెట్టి అంటించినవే, 2018 అక్టోబర్లో తిత్లీ తుఫానుకి మా కప్పు లేచిపోయి బీరువాలో ఖాతా పుస్తకాలన్నీ ముద్దయిపోయాయి, అందుకని కవర్లు నాన్నే తెచ్చారు.