లాగిన్ ఉన్న సైటుకు కోర్స్ (CORS) పెట్టేముందు

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

పేజీ ఒక డొమైన్‌లో, ఏపీఐ (పేజీకి డేటా ఇచ్చే సర్వర్ భాగం) ఇంకో డొమైన్‌లో పెట్టి, లాగిన్‌తో సహా అంతా నువ్వే కడుతున్నావని అమ్మ చెప్పింది. ఎంత సంతోషమేసిందో! లాగిన్ అనగానే గుబులూ పట్టుకుంది.

ఒక చోటి పేజీ ఇంకో చోటి సర్వర్ జవాబుని చదవొచ్చో లేదో, ఆ సర్వర్ హెడర్లలో (జవాబుతోపాటు వెళ్ళే చీటీల్లో) బ్రౌజర్‌కి చెప్పే పద్ధతే కోర్స్. తేలికవి ముందు చెప్పేస్తాను. స్కీమ్ (http లేదా https), హోస్ట్ (సైటు పేరు), పోర్ట్ నంబరు, మూడూ ఒకటైతేనే ఒకే ఆరిజిన్, అంటే ఒకే చోటు. లోకల్‌హోస్ట్ (నీ సొంత కంప్యూటర్) 3000, 8080 పోర్టులు బ్రౌజర్‌కి వేర్వేరు. డేటాని జేసన్ (JSON) రూపంలో పంపినా, లాగిన్ రుజువు చూపే ఆథరైజేషన్ హెడర్ పెట్టినా బ్రౌజర్ ముందుగా ఆప్షన్స్ రిక్వెస్ట్ పంపి అనుమతి అడుగుతుంది. అందులో లాగిన్‌ని గుర్తుపట్టించే కుకీ గానీ టోకెన్ గానీ ఉండవు. లాగిన్ చెక్ దాకా పోనివ్వకుండా దానికి 204 (‘సరే’ అనే ఖాళీ జవాబు) ఇచ్చెయ్యి. లేదంటే 401తో (‘లాగిన్ కాలేదు’ అనే జవాబుతో) అక్కడే ఆగిపోతుంది. పేజీలోంచి సర్వర్‌ని పిలిచే ఫెచ్‌లో నో-కోర్స్ మోడ్ జోలికి పోకు, ఎర్రర్‌తోపాటు జవాబూ మాయమవుతుంది.

నా భయమంతా కుకీల దగ్గరే. కుకీలతో పిలిచినప్పుడు, ఏ ఆరిజిన్‌కి అనుమతో చెప్పే అలవ్-ఆరిజిన్ హెడర్‌లో నక్షత్రం గుర్తు (‘ఎవరైనా సరే’) ఉంటే బ్రౌజర్ ఒప్పుకోదు. అప్పుడు చాలామంది చేసే పని, వచ్చిన ఆరిజిన్‌ని చూడకుండా అలాగే తిప్పి పంపడం, పక్కనే కుకీలకీ అనుమతిచ్చే అలవ్-క్రెడెన్షియల్స్ ట్రూ పెట్టడం. ఎర్రర్ పోతుంది, పనైపోయిందనుకుంటారు. కానీ ఏం జరిగింది? నీ డొమైన్లు వేరు కాబట్టి కుకీకి సేమ్‌సైట్ నన్ (None, వేరే సైటు నుంచి పిలిచినా కుకీ వెళ్ళొచ్చని), సెక్యూర్ (https మీదే వెళ్ళాలని) పెట్టి ఉంటావు. లాగిన్ అయి ఉన్న మనిషి, ఇతర సైట్ల కుకీలను ఆపని బ్రౌజర్‌లో ఏదో దొంగ సైటు తెరిస్తే చాలు, ఆ పేజీ నీ ఏపీఐని అతని కుకీతోనే పిలిచి, అతని వివరాలన్నీ చదివేసుకుంటుంది. ఎవరొచ్చి ఏ పేరు చెప్పినా తాళం చెవి ఇచ్చేసే కాపలాదారు ఎందుకు తల్లీ?

అనుమతించే ఆరిజిన్ల జాబితా రాసుకో. అక్షరం తేడా లేకుండా సరిపోలిస్తేనే తిప్పి పంపు. ‘ఎగ్జాంపుల్.కామ్’తో ముగిసే పేరైతే చాలనుకుంటే ‘దొంగఎగ్జాంపుల్.కామ్’ కూడా లోపలికొస్తుంది. ‘నల్’ (null) అనే ఆరిజిన్‌ని జాబితాలో చేర్చనే చేర్చకు, శాండ్‌బాక్స్ ఐఫ్రేమ్‌తో (పేజీలో బంధించి పెట్టే ఇంకో పేజీతో) ఎవరైనా దాన్ని పుట్టించగలరు. ఆరిజిన్‌ని బట్టి జవాబు మారుతుందని చెప్పే ‘వేరీ: ఆరిజిన్’ (Vary) హెడర్ మరిచిపోతే, ఒకరికిచ్చిన జవాబుని క్యాష్ (జవాబుల్ని దాచి మళ్ళీ ఇచ్చేది) ఇంకొకరికి అందించి, ఎప్పుడో ఒకసారి వచ్చే వింత ఎర్రర్లతో నిన్ను ఏడిపిస్తుంది. ఎన్‌జిన్‌ఎక్స్ (nginx) వెబ్ సర్వర్‌లో యాడ్‌_హెడర్ చివర ఆల్వేస్ లేకపోతే 500 (సర్వర్ తప్పు) వచ్చినప్పుడు హెడర్లు పోతాయి, అసలు తప్పు సర్వర్‌లో ఉంటే నువ్వు కోర్స్‌ని తవ్వుతూ కూర్చుంటావు.

ఇంకోటి, గట్టిగానే చెప్తున్నాను. ముందుగా అనుమతి అడగని రిక్వెస్టుల్లో కోర్స్ ఆపేది జవాబు చదవడాన్ని మాత్రమే. మామూలు ఫారం పోస్ట్ ఏ అనుమతీ అడగకుండానే సర్వర్‌కి చేరి పని జరిపించేస్తుంది. ఆ ఫారం నీ పేజీ నుంచే వచ్చిందని రుజువు చేసే సీఎస్‌ఆర్‌ఎఫ్ (CSRF) టోకెన్ విడిగా పెట్టాల్సిందే.

ఇంకా ఆలస్యం కాలేదనుకుంటే ఏపీఐని అదే డొమైన్ కింద సబ్‌డొమైన్‌గా మార్చు. అప్పుడు కుకీకి, వేరే సైట్ల నుంచి వచ్చే పిలుపుల్ని చాలావరకు ఆపే సేమ్‌సైట్ లాక్స్ (Lax) సరిపోతుంది. పైగా ఇతర సైట్ల కుకీలను సఫారీ 2020 నుంచే పూర్తిగా ఆపేస్తోంది, ఐఫోన్ వాళ్ళకి నీ లాగిన్ నిలవదు.

లైవ్ చేసేముందు కర్ల్ (curl) అనే కమాండ్‌తో, జాబితాలో లేని ఆరిజిన్ హెడర్ ఇచ్చి పిలిచి చూడు. అలవ్-ఆరిజిన్‌లో అదే పేరు తిరిగొచ్చిందంటే పని ఆపి నాకు ఫోన్ చెయ్యి, ఎంత రాత్రైనా సరే.